దొర తోటలో దుక్కి

పాలు పట్టిన జొన్నచేను మీదికి దొర ట్రాక్టరు దింపించాడు. కంకులు చక్రాల కింద చితికిపోతుంటే సోమక్క గట్టు మీద నిలబడి రొమ్ము బాదుకుంది. ఆమె మొగుడు గట్టయ్య పరుగెత్తి ట్రాక్టరుకు అడ్డం పడ్డాడు.

"దొరా, పంట నోటికొచ్చింది. కోసుకునేదాంక ఆగుండ్రి!"

"పట్నం నుంచి పెద్దమనుషులు వస్తాన్రు. వాళ్లకు నీ జొన్నకర్రలు చూపియ్యాల్నారా?" అన్నాడు దొర. గుమాస్తా పాండురంగం మనుషులు గట్టయ్యను పక్కకు ఈడ్చేశారు.

తాతలనాటి నుంచి కౌలుకు దున్నుతున్న నేల అది. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి ఆ సేద్యపు నేలంతా ఆ ఏడు షోకుతోట అయిపోతోంది. కల్లాన్ని చదును చేసి గులాబీలు పెట్టారు. బావి నీళ్లు సిమెంటు హంసల నోట్లోంచి చిమ్ముతున్నాయి. జొన్నచేను ఉన్నచోట గడ్డి నాటించారు. కూలికి నాటింది కూడా ఆ ఊరి ఆడవాళ్లే.

గట్టయ్య వాడను కూడగట్టాడు.

"దొర తోటపని ఇస్తాండు గదరా. కొట్లాడి ఏం తింటం?" అన్నాడు ముసలి పోశయ్య.

"తోటల నలుగురికి పని మామా. మిగిలినోళ్లు యాడికి పోవాలె? భూమి మీద నుంచి కదలద్దు!"

మర్నాడే గులాబీలు పీకాడన్న నేరం మోపి పోలీసులు అతణ్ణి పట్టుకుపోయారు. రెండు రోజులకు ఎడ్లబండి మీద అతని శవం తిరిగొచ్చింది. ఠాణాలో ఫిట్సొచ్చి పోయాడన్నారు పోలీసులు. సోమక్క బట్ట తొలగించి చూసింది. అరికాళ్లు కమిలి నల్లబడ్డాయి.

అంతలో పాండురంగం వచ్చాడు. "శవాన్ని తోట ముంగట నుంచి తేవద్దన్నడు దొర. పట్నం చుట్టాలున్నరు. వాగు దిక్కు తిప్పుకపోండ్రి."

"ఆడు దున్నిన కాడనే పెడ్తం. పోయి చెప్పు," అంది సోమక్క.

పోశయ్య అడ్డం వచ్చాడు. "వాళ్లకాడ తుపాకులున్నయి బిడ్డా."

"ఇంట్ల పండుకున్నోన్ని తీస్కపోయి సంపిన్రు. ఇంక యాడ దాక్కుంటం మామా?"

ముసలాయన వచ్చి పాడెకు భుజం పెట్టాడు.

గేటు దగ్గర కావలివాళ్లు కర్రలెత్తారు. లోపల గడ్డికి నీళ్లు పోస్తున్న యాకమ్మ బిందె కింద పెట్టి, తోటి కూలీలను వెంటబెట్టుకొచ్చి గడియ తీసింది. కావలివాళ్లను తోసుకుంటూ ఊరంతా లోపలికి వచ్చింది. గడ్డి నడుమ గుంత తవ్వి గట్టయ్యను పూడ్చారు. ఆ వెంటనే, పాడె వెనక తోలుకొచ్చిన నాగళ్లు దిగాయి. పచ్చిక చీలి నల్లమట్టి పైకి లేచింది.

జీపు దిగిన ఎస్సై శవాన్ని తవ్వి తియ్యమన్నాడు. పార ఎవరూ ముట్టలేదు.

"ఎవలు చేయించిన్రే ఇది?"

"నేనే. నా మొగన్ని నేనే పెట్టిన," అంటూ సోమక్క ముందుకొచ్చింది.

లాఠీలతో కొడుతూ ఆమెను జీపెక్కించారు. నుదుటి నెత్తురు కళ్లలోకి కారుతుంటే, ఆమె బయటికి వంగి అరిచింది.

"యాకమ్మా! నేలల పదునున్నది. ఉలవలు సల్లుండ్రే!"

పోలీసులు చూస్తుండగానే యాకమ్మ నాగళ్లతో తెచ్చిన మూటలోంచి కొంగు నిండా విత్తనం పోసుకుని సాలులోకి దిగింది. పోశయ్య ఎడ్లను అదిలించాడు.