నీలం కారుకి టోబార్

పోర్త్ లాస్ రేవులో ఆడవాళ్లకంటూ ఒక పడవ జట్టు ఉండేది. నలుగురు తెడ్లు వేస్తే, అయిదో మనిషి వెనక కూర్చుని చుక్కాని పట్టాలి. ఆ అయిదో మనిషి డెలిత్. అరవైకి దగ్గరపడిన పొట్టి మనిషి. గొంతు మాత్రం రేవు ఈ మొదలు నుంచి ఆ చివరిదాకా ఖంగుమనేది. జట్టులో అందరూ యాభై దాటినవాళ్లే. చలికాలం వాన మొహాన కొడుతున్నా ఆదివారం తప్పకుండా పడవ దించేవాళ్లు.

వాళ్లకి లేనిదల్లా ఆ పడవని లాక్కెళ్లే బండి. పడవని ట్రైలర్ మీదకెక్కించి ఇద్వల్ జీపుకి తగిలించాలి. ఇద్వల్ గొర్రెల రైతు, మగాళ్ల జట్టుకి నాయకుడు. మగాళ్లు ఏ ఊరి పడవ పందేనికి వెళితే పడవ ఆ ఊరికి వెళ్లేది. వాళ్లు వెళ్లని ఊరు ఆడవాళ్లకి లేనట్టే.

ఆ వేసవి బార్మత్‌లో ఆడవాళ్లకి మాత్రమే పందేలు పెడుతున్నారని కబురొచ్చింది. పడవల కొట్టంలో డెలిత్ ఆ మాట చెప్పగానే నలుగురూ చిన్నపిల్లల్లా గంతులేశారు. ఇద్వల్ మాత్రం గడ్డం గోక్కున్నాడు.

"ఆ శనివారం మా గొర్రెలకి ఉన్ని తీయించాలి. కుదరదు."

"పోనీ జీపు ఇవ్వు. మేమే తోలుకుంటాం," అంది డెలిత్.

ఇద్వల్ పకపకా నవ్వాడు. "అమ్మాయిలూ, వెనక పడవ పెట్టుకుని కొండ దారిలో పోవడమంటే మనవణ్ణి తోపుడు బండిలో తిప్పడం కాదు. వచ్చే ఏడు చూద్దాంలే."

డెలిత్‌కి ఒళ్లు మండిపోయింది. "వచ్చే ఏడు దాకా ఎందుకు? మా కారుందిగా. వెనక ట్రైలర్ తగిలించే టోబార్ బిగించుకుని మా పడవ మేమే లాక్కుపోతాం."

డెలిత్ చెల్లెలు, జట్టులోనే తెడ్డేసే టెగ్వెన్, మెల్లగా దగ్గరికొచ్చి చెవిలో అడిగింది.

"అక్కా, ఈ సంగతి బావకి చెప్పావా?"

"ఇంకా లేదు."

"అయితే పోయాం," అంది టెగ్వెన్.

డెలిత్ మొగుడు గెథిన్ పియానోలు శ్రుతి చేసేవాడు. చుట్టుపక్కల లోయల్లో ఏ ప్రార్థన మందిరంలో పియానో అపస్వరం పలికినా ఆయన్నే పిలిచేవాళ్లు. ఆ నీలం ఎస్టేట్ కారు ఆయనకి ప్రాణం. వెనక పొడుగాటి అరలో పనిముట్లు ఒక వైపు, మెత్తటి గుడ్డలు ఒక వైపు, అన్నీ వరసలో ఉండేవి. కారులో ఎక్కడ ఏ చిన్న కిర్రుమనే చప్పుడొచ్చినా ఆయన నిద్రపోయేవాడు కాదు. దుకాణాల దగ్గర పక్క కారువాడు తలుపు తీస్తూ తగిలిస్తాడేమోనని ఎప్పుడూ ఆ చివరెక్కడో ఆపి, అంత దూరం నడిచొచ్చేవాడు.

రాత్రి భోజనాల దగ్గర, గొర్రె మాంసమూ ఉల్లికాడల్లాంటి లీకులూ వేసిన పులుసు రెండోసారి వడ్డించాక డెలిత్ విషయం కదిపింది. గెథిన్ చెంచా పళ్లెంలో పెట్టేశాడు.

"నా కారుకి కొక్కెమా?"

"కొక్కెం కాదు. టోబార్."

"పేరు ఏదైతేనేం! వెనక బంపరు కోయాలి కదా? రంపం పెట్టి కోయాలి కదా?"

"కింద, కనపడని చోట, ఇంతే." డెలిత్ బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి చూపించింది.

"ఆ తర్వాత ట్రైలర్ తగిలించే ఇనప గుండు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. సామాను దించుకుంటున్న ప్రతిసారీ మోకాలి కింద ఠపీమని కొట్టుకుంటుంది. నాకొద్దు డెలిత్."

ఆమె గట్టిగా వాదించలేదు. గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే అంది. "ఇన్నేళ్లుగా పడవ నడుపుతున్నాను. మా రేవు వదిలి నా ఇష్టప్రకారం ఒక్క ఊరికి పోలేదు. ఇద్వల్ ఎటు తిరిగితే అటే తిరిగాను."

తెల్లారి డెలిత్ లేచి చూసేసరికి ఆయన పక్క మీద లేడు. వాకిట్లో, కారు కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపించాయి.

"ఏం చేస్తున్నావు అక్కడ?"

"చూస్తున్నాను," అంది కారు కింది గొంతు. "బోల్టులకి కంతలు తయారుగా ఉన్నాయి, డెలిత్. కారు చేసినప్పుడే పెట్టారు. ఇన్నేళ్లూ నాకు తెలియనే తెలియదు. తలుపు పక్కన పలక మీద కూడా చూశాను. మీ పడవలాంటివి రెండు లాగగలదట ఇది!"

ఆ మాటలో కోపం లేదు. తన పిల్లవాడు బాగా పాడతాడని పరాయివాళ్ల నోట విన్న తండ్రి గొంతు అది.

అక్కణ్ణుంచి టోబార్ ఎంపిక మొదలైంది. వంటింటి బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని ముగ్గురూ కూర్చున్నారు. టెగ్వెన్‌ని ఎవరూ పిలవలేదు, ఆమే వచ్చింది. ఊళ్లో బడి బస్సు నడుపుతుంది కాబట్టి బళ్ల విషయంలో తన మాటే చెల్లాలని ఆమె పట్టుదల. వాళ్ల కారుకి సరిపోయేవి మూడు రకాలు. గుండుని పలకకి బోల్టులతో బిగించేది ఒకటి, మొరటుగా గట్టిగా ఉంటుంది. హంస మెడలా వంగి, ఎప్పటికీ అలాగే ఉండిపోయేది ఇంకొకటి. మూడోది తాళంచెవి తిప్పి ఊడదీసుకోగలిగేది.

"మొదటిదే బావా. నీ మనవళ్ల కాలందాకా అరగదు," అంది టెగ్వెన్.

"అది గేదె కొమ్ములా ఉంది. పైగా వెనక్కి తీసేటప్పుడు ఏదైనా అడ్డమొస్తే కూతపెట్టే యంత్రం ఉందిగా, అది దాన్ని చూసి రోజంతా కుయ్యోమంటుంది."

"పియానోల వాడివి, కూతకి భయపడతావేం!"

"శ్రుతిలో ఉంటే భయపడను. ఊడదీసేదే తీసుకుందాం. పడవకి పెట్టుకుంటాం, ఇంటికొచ్చాక తీసి గుడ్డలో చుట్టి పెడతాం."

అదే తెప్పించారు. తీరా పెట్టె వచ్చాక ఇద్దరు మనుషులు మోస్తేగానీ ఇంట్లోకి రాలేదు. బిగించడానికి గ్యారేజీలో చోటు దొరకలేదు. పందేలు అయ్యేదాకా ఎవరికీ తీరికలేదన్నారు. "మనమే బిగిద్దాం," అన్నాడు గెథిన్. డెలిత్ తన చెవులని తనే నమ్మలేకపోయింది.

పందేలకి ఇంకా కొన్ని వారాలుండగా, ఒక శనివారం పొద్దున్నే వాకిట్లో పని మొదలైంది. ఎండ చక్కగా కాస్తోంది. మొదట వెనక దీపాలు విప్పారు, తర్వాత బంపరు. అది ప్లాస్టిక్ కొక్కాలతో పట్టుకుని ఉంటుంది. లాగిన ప్రతిసారీ ఫట్‌మనేది, ఆ ఫట్‌కల్లా గెథిన్ కళ్లు గట్టిగా మూసుకునేవాడు. చివరికి ఊడొచ్చింది. బంపరు లేని కారు పళ్ల సెట్టు తీసేసిన ముసలాయనలా ఉందని టెగ్వెన్ అంటే అందరూ నవ్వారు, గెథిన్ తప్ప. దారినపోయేవాళ్లు ఆగి సలహాలిచ్చారు. జట్టులో తెడ్డేసే ఎలునెడ్, మాంసం కొట్టు ఆవిడ, రొట్టెలూ టీ ఫ్లాస్కూ పట్టుకొచ్చి గోడ మీద కూర్చుంది.

లోపలున్న ఉక్కు దూలం తీసేసి, దాని చోట టోబార్ దూలం ఎత్తిపట్టారు. బోల్టులు బిగించే పని గెథిన్ ఎవరికీ ఇవ్వలేదు. పియానో తీగల మేకులు తిప్పి తిప్పి అలవాటైన చేతులవి. చాలినంత బిగువు రాగానే టక్‌మనే పానా అరువు తెచ్చాడు. ఆ టక్‌మనే చప్పుడు విన్నప్పుడల్లా ఆయన మొహం విప్పారేది.

"ఇది విను డెలిత్, ఇది విను!" అని ప్రతి బోల్టుకీ పిలిచాడు.

ఇక మిగిలింది బంపరు కోయడం. పెట్టెలో కాగితపు అచ్చు ఒకటి ఇచ్చారు. బంపరుని గడ్డి మీద బోర్లా పడుకోబెట్టి, మధ్య గీత చూసి అచ్చు అతికించి, దాని వెంట కోయాలి. గెథిన్ కొలిచాడు. టెగ్వెన్ రంపం పట్టింది. కోసిన ముక్క గడ్డి మీద పడింది. ఇద్దరూ బంపరు ఎత్తి కారుకి ఆనించి చూశారు.

కోసిన చోటు ఒక దగ్గరుంది. టోబార్ ఇంకో దగ్గరుంది. మధ్యలో జానెడు తేడా.

రొట్టె నములుతున్న ఎలునెడ్ నోరు ఆగిపోయింది. టెగ్వెన్ రంపం వెనక దాచుకుంది. "బావా, నేను నువ్వు గీసినచోటే కోశాను. ఒట్టు."

గెథిన్ వంగి చూశాడు. అచ్చుని మధ్య గీతకి కాకుండా పక్కన అతుకు గీతకి పెట్టాడు. తప్పు తనదే. బార్మత్ లేదు, ఏమీ లేదు, ఇక ఈ కారు ఊసే ఎత్తకూడదు అనుకుంది డెలిత్. ఆయన భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నాడనుకుని దగ్గరికి పరిగెత్తింది.

ఆయన నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి నిలబడలేక గడ్డి మీద చతికిలపడ్డాడు. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

"ఏమైంది నీకు?"

"కొన్న రోజు నుంచీ దీనికి గీత పడుతుందేమో, గీత పడుతుందేమోనని చచ్చాను డెలిత్. ఎవణ్ణీ దగ్గరికి రానివ్వలేదు. ఇప్పుడు నేనే కన్నం పెట్టాను, ఇంత కన్నం! ఇక పీడా పోయింది. ఆ రంపం ఇలా ఇవ్వు టెగ్వెన్, రెండోది నేను కోస్తాను."

కోశాడు. ఈసారి సరిగ్గా కుదిరింది. మొదటి కన్నానికి ఎలునెడ్ తన కొట్టు స్టిక్కరు తెచ్చి అతికించింది. నవ్వుతున్న పందిపిల్ల బొమ్మ అది. ఆ రోజు నుంచీ గెథిన్ కారుని దుకాణాల ముందు, గుమ్మం పక్కనే ఆపడం మొదలుపెట్టాడు. ఇనప గుండుని ఊడదీసి గుడ్డలో చుట్టే సంగతి మళ్లీ ఎత్తలేదు.

పందేలకి వారం ముందు, పశువుల సంత జరిగే ఖాళీ స్థలంలో ట్రైలర్ తగిలించి వెనక్కి నడపడం సాధన చేశారు. ముందుకి ఎవరైనా పోగలరు. రేవు వాలు మీద పడవని నీళ్లలోకి దించాలంటే వెనక్కే పోవాలి. గెథిన్ ప్రయత్నించాడు. కారు ఒక వైపు, ట్రైలర్ ఒక వైపు తిరిగి మడతకత్తిలా ముడుచుకున్నాయి. బస్సు నడిపే టెగ్వెన్ రొమ్ము విరుచుకుని ఎక్కి, గుర్తుకి పెట్టిన రెండు డ్రమ్ములు పడగొట్టి దిగింది. కంచె తలుపు మీద మోచేతులానించి చూస్తున్న ఇద్వల్ నవ్వు ఆపుకోవడానికి మీసం కొరుక్కుంటున్నాడు.

డెలిత్ ఎక్కింది. సీటు ముందుకి జరుపుకుంది. అద్దంలో ట్రైలర్ కనిపించింది. ఎడమకి పోవాలంటే స్టీరింగు కుడికి తిప్పాలి. అలా అనుకోగానే ఆమెకి ఒళ్లు తేలికైంది. చుక్కాని కూడా అంతే కదా! పడవ ఎడమకి తిరగాలంటే పిడిని కుడికి తోస్తుంది. ఏళ్ల తరబడి ఆ చేతులు చేసే పని అదే. ఆలోచించడం మానేసి చేతులకి వదిలేసింది. కొద్దిగా ఇటు, కొద్దిగా అటు. ట్రైలర్ తిన్నగా వెనక్కి పోయి రెండు డ్రమ్ముల మధ్య ఆగింది.

ఇద్వల్ కంచె తలుపు మీంచి చేతులు తీశాడు. "ఎవరు నేర్పారు నీకు?"

"నువ్వు మాత్రం కాదు," అంది డెలిత్ కిటికీ అద్దం దించి.

"ఇంకోసారి చెయ్యి చూద్దాం."

ఇంకోసారి చేసింది. ఇద్వల్ టోపీ తీసి తల గోక్కుని, తన జీపులోంచి పెద్ద తాడూ, పడవ వెనక కట్టే లైట్ల పలకా తెచ్చి ఆమెకిచ్చాడు. "పాతవి ఏట్లో పారెయ్. ఇవి కట్టుకో. కొండ దిగేటప్పుడు చిన్న గేరులో దిగు. దారిలో తొందరపెట్టే వెధవలుంటారు, పట్టించుకోకు."

పందేల రోజు నీలం కారులో స్టీరింగు దగ్గర డెలిత్, పక్కన గెథిన్, వెనక టెగ్వెన్, ఎలునెడ్. మిగిలిన ఇద్దరు వెనక ఇంకో కారులో. మహంత్లెత్ ఊరు దాటాక కొండ ఎక్కడం మొదలైంది. కారు బరువుగా మూలిగింది. గెథిన్ చెవి రిక్కించి విన్నాడు. "కష్టపడుతోంది గానీ బాధపడటం లేదు," అన్నాడు. వెనకసీట్లో ఇద్దరూ పాట అందుకున్నారు. ఆయన శ్రుతి సరిచేశాడు. కొండ మీదకి చేరేసరికి నలుగురూ నాలుగు గొంతుల్లో పాడుతున్నారు. వెనక అద్దంలో పడవ ముక్కు వాళ్ల వెంటే తల ఊపుతూ వస్తోంది. దాని వెనక కార్ల బారు తీరి ఉంది. డెలిత్ పట్టించుకోలేదు.

బార్మత్ రేవు వాలు దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. ముందొచ్చిన బండి ఒకటి అడ్డంగా ఇరుక్కుని, నలుగురు మగాళ్లు నాలుగు రకాలుగా అరుస్తున్నారు. అది తప్పుకున్నాక డెలిత్ వంతు వచ్చింది. కారుని ముందుకి పోనిచ్చి, ఆపి, వెనక్కి తిప్పి, ఒకే ఊపులో పడవని నీటి అంచుకి చేర్చింది. వాలు మీదున్న ఆడవాళ్లందరూ చప్పట్లు కొట్టారు. గెథిన్ కారు చుట్టూ తిరిగి, పందిపిల్ల బొమ్మ మీద పడ్డ ఉప్పునీళ్లు చేతిరుమాలుతో తుడిచాడు.

పందెంలో ఏడు పడవలు. గాలి ఎదురు. డెలిత్ గొంతు చిరిగేలా అరిచింది. చివరి మలుపు దగ్గర రెండు పడవలని దాటి మూడో స్థానంలో గీత దాటారు. టెగ్వెన్ తెడ్డు వదిలేసి వెనక్కి వాలి ఆకాశం కేసి చూస్తూ, "అక్కా, నా చేతులున్నాయా ఊడిపోయాయా?" అంది. ఒడ్డున గెథిన్ ఎవరో తెలియని ముసలావిణ్ణి కౌగిలించుకుని గంతులేస్తున్నాడు.

సాయంత్రం పడవని బండి మీదకెక్కించబోతుంటే ఆంగ్లెసీ దీవి జట్టు ఆడవాళ్లిద్దరు దగ్గరికొచ్చారు. అందులో ఎర్రజుట్టావిడ మొహమాటపడుతూ అడిగింది.

"ఏమీ అనుకోరు కదా... పొద్దున వెనక్కి తోలారు చూడండి, అది కాస్త చెబుతారా? మాకూ ఎవరో ఒకరు వచ్చి తోలాల్సి వస్తోంది."

"మీరు చుక్కాని పడతారా?" అంది డెలిత్.

"అవును."

"అయితే మీకు సగం వచ్చేసినట్టే. రండి."

పోటు తగ్గి ఇసక చాలా దూరం బయటపడింది. గట్టి ఇసక ఉన్న చోట ఖాళీ ట్రైలర్ తగిలించి, ఎర్రజుట్టావిణ్ణి కారులో కూర్చోబెట్టింది డెలిత్. చూస్తుండగానే ఇంకో జట్టు ఆవిడ వచ్చింది, ఆమె వెనక ఇంకొకామె. బారు కట్టారు. గెథిన్ రేవు గోడ మీద కూర్చుని, ఒళ్లో వేడి చేపా చిప్సూ పెట్టుకుని చూస్తున్నాడు.

"మీకు భయంగా లేదా సార్, కారుకేమన్నా అవుతుందని?" అని పక్కనెవరో అడిగారు.

"అయితే అవనివ్వండి," అని ఆయన చిప్సు పొట్లం పక్కవాళ్లకి చాపాడు. అవతల ఇసకలో ట్రైలర్ అడ్డంగా తిరిగిపోయింది. ఆడవాళ్లందరూ ఒక్కసారిగా కెవ్వుమని, ఆ వెంటనే పగలబడి నవ్వారు. "కుడికి కాదమ్మా, ఎడమకి తొయ్యి, ఎడమకి!" అని డెలిత్ గొంతు ఇసక మొత్తం మారుమోగింది.