జోలపాటలో మారిన పేరు

నాన్న రాసిన సంగీత నాటకాన్ని చాలా ఏళ్ల తర్వాత మళ్లీ వేస్తున్నారని తెలిసి, మొదటి ప్రదర్శనకి అమ్మని వెంటబెట్టుకుని వెళ్లాను. బయట పోస్టరు మీద "మాటలు, పాటలు" అని నాన్న పేరు ఒక్కటే, జానెడు అక్షరాల్లో ఉంది. ఆయన ఇప్పుడు లేకపోయినా ఆ అక్షరాలు చూస్తే నాకు కాస్త పొగరొచ్చింది. టికెట్లు చింపే అతనికి "ఆయన కూతుర్ని నేను" అని అడక్కుండానే చెప్పాను. "అలాగా, ఫోన్ సైలెంట్‌లో పెట్టండి" అన్నాడతను.

ముందు వరసలో కూర్చున్నాం. నిజానికి నేను వచ్చింది నాటకం కోసం కాదు, మొదటి అంకం చివర వచ్చే జోలపాట కోసం. కథలో జ్వరంతో ఉన్న పాపని తల్లి ఒళ్లో వేసుకుని పాడుతుంది. పాట అయ్యేసరికి పాప ప్రాణం పోతుంది. "నిదురపో మిణుకమ్మా, దీపమారలేదు" అని మొదలవుతుందా పాట. ఆ మిణుకమ్మ మా అక్క.

అక్కని నేను చూడలేదు. నేను పుట్టకముందే, ఊహ తెలియని వయసులోనే జ్వరంతో పోయింది. ఇంట్లో ఆ ఊసెత్తకూడదని నాన్న కట్టడి. ఒక ఫొటో లేదు, ఒక గౌను లేదు. ఇంట్లో పిల్లనంటూ నేనొక్కదాన్నే అయినా అందరూ నన్ను చిన్నమ్మాయి అనేవారు. ఎవరికంటే చిన్న అని అడిగితే దిక్కులు చూసేవారు. చివరికి ఒకరోజు మా మేనత్త బట్టలు మడతపెడుతూ నోరుజారింది. "మిణుకు అని పిలుచుకునేవాళ్లమే దాన్ని. మీ నాన్న పాటలో పెట్టాడు కదా" అంది. అప్పటినుంచి ఆ పాటే నాకు తోబుట్టువు. పరీక్షలకి వెళ్లేముందు, పెళ్లి కుదిరినప్పుడు, నాన్న పోయినప్పుడు కూడా దాన్నే కూనిరాగం తీశాను.

దీపాలు తగ్గాయి. వయొలిన్ మొదలైంది. తల్లి వేషం వేసిన అమ్మాయి నేలమీద కూర్చుని గొంతెత్తింది.

"నిదురపో వెన్నెలా, దీపమారలేదు..."

ఉలిక్కిపడ్డాను. మొదటి ప్రదర్శన కదా, కంగారులో మరిచిపోయిందేమో అనుకున్నాను. రెండో చరణంలోనూ వెన్నెలే. తెరచాటు నుంచి అందుకున్నవాళ్లూ వెన్నెలా అనే పాడారు. హాలు మొత్తం చప్పట్లు కొడుతోంది, మా అక్కని ఎవరో తీసి అవతల పారేశారు. అమ్మవైపు చూశాను. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. పాపం, బిత్తరపోయింది అనుకున్నాను.

విరామం ఇవ్వగానే ఆవిడని కూర్చోమని చెప్పి, విసురుగా తెర వెనక్కి వెళ్లాను. గ్రీన్ రూమ్‌లో గడ్డం దర్శకుడు ఒక చేత్తో టీ కప్పు పట్టుకుని, రెండో చేత్తో ఎవరికో ఊడిన మీసం అతికిస్తున్నాడు.

"ఆ పేరెందుకు తీసేశారు?" అన్నాను.

"ఏ పేరండీ?"

"ఏ పేరా? మిణుకమ్మ! నాన్న రాసిన మాట మీ ఇష్టమొచ్చినట్టు మార్చేసి, పోస్టరు మీద మాత్రం ఆయన పేరేస్తారా? మార్చామని ఒక్క ముక్క ఎక్కడైనా ఉందా? రేపు ఈ వెన్నెల కూడా ఆయనే రాశారనుకుంటారు జనం!"

అతను నీళ్లు నమిలాడు. "పాత నాటకాలు వేసేటప్పుడు అక్కడో మాట ఇక్కడో మాట అందరూ మారుస్తారండీ..."

"అందరి సంగతీ నాకెందుకు? దీని హక్కుల్లో నాకూ వాటా ఉంది. రేపు పాత మాట పాడకపోతే నాటకమే ఆపించేస్తాను."

మీసం పెట్టించుకుంటున్నవాడు మెల్లగా జారుకున్నాడు. దర్శకుడు కప్పు కింద పెట్టాడు.

"సరేనండీ, పాతదే పాడిస్తాను. కాకపోతే ఒక్కసారి అమ్మగారిని అడిగి చూడండి."

"అమ్మనెందుకు?"

"మార్చమన్నది ఆవిడే. వెన్నెల అన్న మాట ఇచ్చిందీ ఆవిడే. తన పేరెక్కడా రాకూడదన్నారు. మీకసలు చెప్పొద్దన్నారు."

ఇంట్లో కర్టెన్ మార్చాలన్నా నన్నడిగే మనిషి. నాన్న మాటకి ఏనాడూ ఎదురు చెప్పని మనిషి. బయటికొచ్చాను. అమ్మ కారిడార్లో బెంచీ మీద కూర్చుని, సీసాలో నీళ్లు గుక్కగుక్కగా తాగుతోంది.

"మార్చమన్నది నువ్వా?"

"నేనే" అంది, తొణక్కుండా.

"అక్కకి మిగిలింది ఆ ఒక్క మాటే కదమ్మా. దాన్ని తీసేయడానికి నీకు మనసెలా వచ్చింది?"

"కూర్చో" అంది. సీసా మూత నిదానంగా బిగించింది. "నాటకం ఆడిన ప్రతిచోటికీ మీ నాన్న నన్ను తీసుకెళ్లేవారు. పక్కనే, ముందు వరసలో కూర్చోబెట్టేవారు. అది నా కళ్లముందే చచ్చిపోయేది చిన్నీ, పేరుతో సహా. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. ఇంకోసారి, ఇంకోసారి అని అరిచేవాళ్లు. వాళ్ల కోసం మళ్లీ చచ్చిపోయేది."

బెంచీ చివర కూర్చున్నాను.

"ఇంటికొచ్చాక నేను దాని పేరెత్తితే మీ నాన్న లేచి వెళ్లిపోయేవారు. ఊరందరి నోట్లోనూ ఉంది దాని పేరు. నా నోట్లోనే ఉండకూడదు."

"మరి నాన్న పోయాకైనా నాకు చెప్పొచ్చు కదా?"

"నువ్వు ఆ పాటే పాడుకుంటూ తిరిగేదానివి. నీకేం చెప్పను?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పాట నేను ఇంట్లో ఎన్నిసార్లు తీశానో లెక్కలేదు. తీసిన ప్రతిసారీ పక్క గదిలో ఈవిడ ఉంది.

అమ్మ ఉన్నట్టుండి చిన్నగా నవ్వింది. "జోలపాటట! అసలది నిద్రపోతే కదా? జోల పాడితే నోటిమీద కొట్టేది. మీ నాన్న మీసం పట్టుకుని వేలాడేది. తలుపు వెనక దాక్కుని, 'నేను లేను' అని తనే అరిచేది. ఒకసారి స్నానం చేయిస్తుంటే సబ్బు కొరికి తినేసింది."

నేను నోరు తెరుచుకుని వింటున్నాను. ఇన్నేళ్లూ నాకు తెలిసిన అక్క ఒళ్లో పడుకుని కళ్లు మూసుకునే పిల్ల. ఇదెవరో రౌడీ. అమ్మ ఇంత చెబుతున్నా, అది, దాన్ని అనే తప్ప ఒక్కసారి కూడా పేరు పలకలేదు.

గంట మోగింది. దర్శకుడు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"మేడమ్, పాడే అమ్మాయికి చెప్పేశాను. రేపటినుంచి మిణుకమ్మే."

అమ్మ తల దించుకుంది. నన్ను వద్దనమని అడగదు. అడగడం ఆవిడకి అలవాటు లేదు.

"వద్దు" అన్నాను.

"అదేంటండీ, ఇందాకే కదా మీరు..."

"ఇందాక నాకు తెలీదు. వెన్నెలే ఉంచండి. ఆ పేరు ఇంకెక్కడా పాడొద్దు."

"మరి పోస్టరు మీద, మార్చినట్టు..."

"ఏమీ రాయొద్దు."

అతను నన్నూ అమ్మనీ మార్చి మార్చి చూసి, "లోపలికి రారా? మొదలెట్టేస్తున్నారు" అన్నాడు.

"మీరు కానివ్వండి" అని అమ్మవైపు జరిగి కూర్చున్నాను.

"మిణుకక్క సబ్బు తిన్నాక ఏం చేసిందమ్మా?"

అమ్మ నా మొహంలోకి చూసింది. కళ్లు నిండాయి. తర్వాత కారిడార్లో పోయేవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా అంది.

"మిణుకా? ఇంకో ముక్క కావాలని పేచీ పెట్టింది."