లావోన్ వంటింట్లోకి వాషింగ్టన్

నెబ్రాస్కా ఇసుక గుట్టల మధ్య ఉన్న డన్‌లేవీ ఊరి బడిలో బుధవారం అంటే చిల్లీ. బీఫ్ ఖీమా, ఎర్ర బీన్స్, టమాటా వేసి పెద్ద గుండిగలో ఉడికించిన చిల్లీ, పక్కనే దాల్చినచెక్క పొడి, పంచదార చుట్టి కాల్చిన అరచేతంత రోల్. ఆ కారాన్నీ ఈ తీపినీ కలిపి ఎలా తింటారని ఎవడైనా అడిగాడంటే వాడు కచ్చితంగా బయటి ఊరివాడే. లావోన్ క్రటొక్విల్ ఇరవై ఆరేళ్లుగా ఆ బడి వంటమనిషి. ఆ రోల్స్ తిని పెరిగినవాళ్ల పిల్లలకే ఇప్పుడు మళ్లీ వడ్డిస్తోంది.

నవంబరులో ఒక బుధవారం రాష్ట్ర రాజధాని నుంచి తనిఖీకి ఒక అమ్మాయి వచ్చింది. పాపం, మంచి పిల్లే. రోల్‌ని తూచింది, కొలిచింది, ఫొటో తీసింది, చివరికి తినేసింది కూడా. వేళ్లు నాక్కున్నాక తప్పు అని రాసింది. మైదా ఎక్కువట, పంచదార ఎక్కువట, చిల్లీలో ఉప్పు ఎక్కువట. వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వం పెట్టిన కొత్త రూళ్ల ప్రకారం నడవకపోతే బడికి వచ్చే భోజనం సాయం ఆగిపోతుందట.

"ఈ ఒక్కసారికి గోధుమపిండితో, సగం సైజులో చేయండి లావోన్," అని బడి సూపరింటెండెంట్ ఆమండ్‌సన్ బతిమాలాడు. ఆయన ఊరికి కొత్త, ఎవరితోనూ పేచీ పడని రకం.

ఆమె చేసింది. చూడటానికి పిడకల్లా వచ్చాయి. నూట నలభై మంది పిల్లల్లో నూటికి పైగా వాటిని తిన్నగా చెత్తడబ్బాలో వేశారు. ఆ డబ్బా వైపు చూసేసరికి లావోన్‌కి ఒళ్లు మండిపోయింది. ఆమె పెరిగిన ఇంట్లో తిండి పారేయడం బూతు మాటతో సమానం.

"పిల్లలు తినని తిండి ఎంత ఆరోగ్యమైతే ఏం లాభమయ్యా?" అంది ఆమండ్‌సన్‌తో. "రాజ్యాంగం మొత్తం వెతుకు, బడి భోజనం అన్న మాట ఎక్కడుందో చూపించు. చూపిస్తే రేపట్నుంచి గడ్డి వండమన్నా వండుతా."

అక్కడితో ఊరుకోలేదు. బడి ఆ ప్రభుత్వ పథకం నుంచే తప్పుకోవాలని ఒక అర్జీ రాసి, చనిపోయిన భర్త వదిలిపోయిన పాత పికప్ ట్రక్కు వేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. లావోన్ దృష్టిలో ప్రభుత్వమంటే కిరాణా షాపులో ఎదురుపడేది. ఎదురుపడితే నిలబెట్టి అడగొచ్చు, తిట్టొచ్చు, వచ్చే ఎన్నికల్లో ఇంటికి పంపొచ్చు. పధ్నాలుగు వందల మైళ్ల అవతల కూర్చున్నవాణ్ణి ఎక్కడని నిలబెడతావు? ఊళ్లో అందరిదీ అదే మాట. నాలుగు రోజుల్లో రెండు వందల పది సంతకాలు వచ్చాయి. ఆమె గర్వానికి పట్టపగ్గాల్లేవు.

ఆదివారం చర్చి అయ్యాక షెరీ ఆమె ట్రక్కు దగ్గరికి వచ్చింది. షెరీ వృద్ధాశ్రమంలో ఆయాగా పనిచేస్తుంది. మొగుడు లేడు, ముగ్గురు పిల్లలు.

"లావోన్, నేనూ సంతకం పెట్టాను కదా," అంది చేతులు జేబుల్లో దోపుకుని. "వాషింగ్టన్ మాట వినాలని నాకూ లేదు. నువ్వు ఎవరికి ఓటేస్తావో నేనూ వాళ్లకే వేస్తా. కానీ ఇంటికెళ్లాక తట్టింది... మావాళ్లకి మధ్యాహ్నం అన్నం ఉచితంగా వచ్చేది ఆ పథకంలోనే. అది పోతే ఇదీ పోతుంది. మావాళ్లే కాదు, ముప్పై ఎనిమిది మంది ఉన్నారు."

లావోన్ సీటు మీదున్న అర్జీ వైపు చూసింది.

"సంతకం కొట్టేయమని అడగడానికి రాలేదు," అంది షెరీ. "చెప్పకుండా ఉండలేకపోయాను, అంతే."

ఆ రోజంతా లావోన్‌కి సిగ్గేసింది. ఇరవై ఆరేళ్లు ఆ పిల్లల పళ్లాలు నింపింది తన చేయే. ఎవరిది ఉచితమో ఎవరిది కాదో చూడకుండా అందరికీ ఒకే గరిటె వేయడం తన గొప్ప అనుకునేది. అలా చూడకుండా ఉండీ ఉండీ, అసలు వాళ్లున్నారనే మరిచిపోయింది. అర్జీ వెనక్కి తీసుకుంటే ఆ ముప్పై ఎనిమిది మందికీ అన్నం ఉంటుంది, తాను మాత్రం పిడకలు చేసుకుంటూ బతకాలి. తీసుకోకపోతే తన పంతానికి వాళ్లు పస్తుండాలి. రెండూ ఆమెకు గొంతు దిగేవి కావు.

సోమవారం సాయంత్రం స్కూలు బోర్డు సమావేశం బడి లైబ్రరీలో. ఎప్పుడూ నలుగురు వచ్చేచోట ఆ రోజు అరవై మంది నిండిపోయారు. బోర్డు అధ్యక్షుడు గ్యారీ ఓస్టర్‌మన్ లావోన్‌తో ఇదే బడిలో చదువుకున్నవాడు. ఊళ్లో పెద్ద పశువుల రాంచ్ అతనిదే, పెద్ద గొంతూ అతనిదే.

"మన పిల్లల కంచంలో ఏముండాలో మనకి తెలీదా?" అని బల్ల గుద్దాడు గ్యారీ. "ఈ దేశాన్ని కట్టింది భయపడేవాళ్లు కాదు! డన్‌లేవీ ఎవడి ముందూ తల వంచదు!"

చప్పట్లతో కిటికీలు అదిరాయి. ఎవరో ఈల కూడా వేశారు. ఆమండ్‌సన్ లేచి ఉచిత భోజనం సంగతి చెప్పబోతే ఎవరికీ వినపడలేదు.

"ఇక ఓటింగుకి వెళ్దాం," అన్నాడు గ్యారీ.

"ఆగు," అంది లావోన్.

లేచి తెల్ల బోర్డు దగ్గరికి వెళ్లి, మార్కరు తీసి, ఒకదాని కింద ఒకటి అయిదు నెలల పేర్లు రాసింది. జనవరి నుంచి మే దాకా.

"ఏంటిది? పాఠం చెప్తావా?" అన్నాడు గ్యారీ. అందరూ నవ్వారు.

"చెప్తా, బుద్ధిగా కూర్చో. నువ్వు అప్పుడూ ఎక్కాలు రాక వెనక బెంచీలోనే ఉండేవాడివి." ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. ఆమె నవ్వలేదు. "జనవరి నుంచి ఈ పథకం వదిలేస్తే మన పిల్లల్లో ముప్పై ఎనిమిది మందికి మధ్యాహ్నం తిండి ఉండదు. ఆ సంగతి మీకు చెప్పకుండా నేను సంతకాలు తీసుకున్నాను. తప్పు నాదే. మేలో సెలవులిచ్చేదాకా బడికి నెలకి ఒక కోడె మాంసం చాలు, నెలకొకరు ఇవ్వాలి. మిగతా పిల్లలు కట్టేదాంతో పాలూ కూరలూ వస్తాయి. పక్క కౌంటీలో మాంసానికి తనిఖీ ముద్ర వేయించి ఇచ్చే కసాయిని అడిగాను, ఊరికే కోసిస్తానన్నాడు. వాషింగ్టన్ చెయ్యి వద్దంటున్నారు కదా, ఇప్పుడు మీ చేతులు కావాలి."

జనవరి పక్కన తన పేరు రాసుకుంది. భర్త పోయాక మిగిలిన చిన్న మంద ఆమెది. ఆ సంగతి అందరికీ తెలుసు.

ఒకాయన తన టోపీని మొదటిసారి చూస్తున్నట్టు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"ముందు ఓటేద్దాం లావోన్," అన్నాడు గ్యారీ మెల్లగా. "ఇవన్నీ తర్వాత తీరిగ్గా..."

"కుదరదు. ఆ నెలలు నిండకుండా ఓటేస్తే వంటింటి తాళాలు ఇక్కడే, నీ ముందే పెడతా. నువ్వే వండుకో. తల వంచనంటున్నావు, బాగుంది. నేనూ వంచను, నీకైనా సరే."

అప్పుడు షెరీ లేచింది. మొహం కందగడ్డయిపోయింది. "నాకు కోడెలు లేవు. శనివారాలు సెలవు. వచ్చి బీన్స్ ఏరతా, గుండిగలు తోముతా. మే దాకా."

ఆమె కూర్చునేలోపే టోపీ ఆయన లేచాడు. ఫిబ్రవరి పక్కన పేరు పడింది. వెనక నుంచి అన్నదమ్ములిద్దరు వచ్చి మార్చి, ఏప్రిల్ పంచుకున్నారు. లావోన్ మార్కరు తీసుకుని గ్యారీ ముందు నిలబడింది.

"మే ఖాళీగా ఉంది."

"వాషింగ్టన్ గనక నన్ను ఇలా నిలదీసి కోడెనడిగుంటే తుపాకీ తీసేవాణ్ణి," అన్నాడు గ్యారీ.

"అందుకే నేను అడుగుతున్నా."

గ్యారీ మార్కరు లాక్కుని, కాగితం మీద సంతకం పెట్టేవాడిలా వంగి, పేరు రాశాడు. ఓటింగులో పథకం నుంచి తప్పుకోవాలని ఆరుగురు బోర్డు సభ్యులూ చేతులెత్తారు.

అందరూ వెళ్లిపోయాక లావోన్ వెళ్లి ట్రక్కులో కూర్చుంది. గెలిచానన్న సంతోషం కంటే భయమే ఎక్కువగా ఉంది. ముప్పై ఎనిమిది ఆకళ్లు. ఇకనుంచి తిట్టడానికి వాషింగ్టన్ కూడా లేదు, ఏదైనా తేడా వస్తే ఊరు వేలెత్తేది తనవైపే.

షెరీ అద్దం మీద తట్టింది. లావోన్ అద్దం దించింది.

"లావోన్, వీళ్లలో ఎవరైనా మాట తప్పితే?"

"మా దొడ్లో ఇంకా పదకొండు పశువులున్నాయి," అంది లావోన్. "నువ్వు పిల్లల్ని బడికి ఆకలితోనే పంపు."