సైలెన్సర్ చిల్లు

కళ్ళజోళ్ళ షాపాయన నోట్లో నాలుక లేని మనిషి. "ఇది బాగుందా, అది బాగుందా" అని ఆయన అడిగితే ఎదుటివాళ్ళు ముందుకు వంగి వినాల్సిందే. అలాంటి మనిషి స్కూటరు ఒకరోజు పొద్దున్నే వీధి దద్దరిల్లేలా గర్జిస్తూ బయల్దేరేసరికి, కుట్టుమిషను ముందు కూర్చున్న ఆయన భార్య చేతిలో కత్తెర జారిపోయింది.

సాయంత్రం అడిగింది. "ఏమైందండీ దానికి?"

"ఏం కాలేదు. కావాలనే పెట్టించా," అన్నాడాయన కాలరు సర్దుకుంటూ. "చప్పుడు లేకపోతే లారీవాళ్ళు మనల్ని లెక్కచేయరు. అంతా భద్రత కోసం."

చొక్కా రంగు మార్చడానికే వారం ఆలోచించే మనిషి! ఆమె నవ్వాపుకుని, "అబ్బో!" అని ఊరుకుంది.

ఆ రోజు నుంచి ఆయన నడకే మారింది. బండి తాళం వేలికి తగిలించి తిప్పడం, అద్దంలో చూసుకుని జుట్టు ఎగదువ్వడం. కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి ఆమె రోజూ ఆయన బండి వెనక కూర్చుని బజారుకు వెళ్ళేది. తెలిసినవాళ్ళు కనబడితే తలొంచుకుని, బట్టల సంచీ మొహానికి అడ్డం పెట్టుకునేది.

కొన్నాళ్ళకి, మధ్యాహ్నం పూట, గుమ్మం ముందు వ్యాను ఆగింది. ఆయన అక్కగారు రెండు సూట్‌కేసులతో దిగింది.

"ఏమమ్మా, నెల రోజులుంటానంటే నువ్వు వెంటనే సరేనన్నావటగా! తమ్ముడు చెప్పాడు. నీ మనసు బంగారం."

ఆమెకు ఏమీ అర్థం కాలేదు. "రండి వదినా," అని నోటితో అంటూ, కళ్ళతో మొగుణ్ణి వెతికింది. ఆయన వంటింట్లో దొరికాడు.

"నేనెప్పుడు సరేనన్నాను?"

"బండి మీద. అడిగితే ఊ అన్నావు."

"నాకు మీ బండి గోల తప్ప ఏం వినిపించింది కనక! మీ తల ఊగితే ఏదో అంటున్నారనుకుని ఊ కొట్టాను."

"అయితే… మిగతావి కూడా వినలేదా?" ఆయన మొహం చిన్నబోయింది.

ఇంతలో ముందుగదిలోంచి వదినగారి గొంతు. "ఒరేయ్, వీధి చివర మా వ్యాన్ని దాటుకుంటూ పోయింది నీ బండేనట్రా! మన వంశంలో ఇంత గొంతు ఎవరికీ లేదే!"

మర్నాడు ఆమె పట్టుబట్టి ఆయన్ని మెకానిక్ దగ్గరికి లాక్కెళ్ళింది. మెకానిక్ వంగి చూసి, సైలెన్సర్ అడుగున చిల్లులో ఏకంగా వేలు పెట్టాడు.

"తుప్పు తినేసింది సార్. పొగ లోపలి గదులన్నీ తిరిగి నెమ్మదించాక బయటికి రావాలి. ఇక్కణ్ణించే తన్నుకొచ్చేస్తోంది. చూసుకోలేదా?"

"కావాలనే పెట్టించారండీ ఆ చిల్లు," అంది ఆమె. "భద్రత కోసం."

ఆయన షెడ్డు పైకప్పు వైపు అదే పనిగా చూశాడు.

మెకానిక్ రేకు ముక్క పెట్టి వెల్డింగ్ చేస్తుండగా ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. ఆయనే నెమ్మదిగా అన్నాడు. "మొదటిరోజు నాకే సిగ్గేసింది. కానీ కూడలి దగ్గర అందరూ తిరిగి చూశారు. దారిచ్చారు. ఇన్నేళ్ళలో నేనొచ్చానని ఎవరైనా అలా తలెత్తారా చెప్పు? అందుకే చూసీచూడనట్టు ఊరుకున్నా."

ఆటపట్టించాలని నోటిదాకా వచ్చిన మాట ఆమె మింగేసింది.

తిరిగొచ్చేటప్పుడు బండి ఉందో లేదో అన్నట్టు నడిచింది. సైకిలు మీద ఒకాయన వీళ్ళను చూడకుండానే అడ్డంగా దాటిపోయాడు.

"మిగతావి అన్నారే, ఏమిటవి?" అని అడిగిందామె.

"షాపు కబుర్లే. మొన్నొకాయన ఫ్రేములన్నీ పెట్టి చూసి, చివరికి 'ఇదే బాగుంది, ఇచ్చెయ్యండి' అన్నాడు. అది ఆయన పెట్టుకొచ్చిన పాతదే!"

ఆమె పకపకా నవ్వింది. "తర్వాత?"

తర్వాతది చెప్పాడు. ఆ తర్వాతదీ చెప్పాడు. ఇంట్లో వదినగారు కాఫీకి ఎదురుచూస్తుంటుందని ఇద్దరికీ తెలుసు. తమ ఇంటి సందు వచ్చింది. ఆయన బండి తిప్పకుండా నేరుగా పోనిచ్చాడు. ఎక్కడికని ఆమె అడగలేదు.