మంచు డాక్టరు

మూడో రోగి దవడకు దూది అడ్డుపెట్టి, ఆయన మంచుపుల్లను పంటికి ఆనించాడు. పెన్సిలంత సన్నగా తనే గడ్డకట్టించుకునే పుల్ల అది. పంటి లోపలి గుజ్జు ప్రాణంతో ఉంటే పన్ను జివ్వుమంటుంది. మంచు తీశాక కూడా సలుపు ఆగకపోతే ఆ గుజ్జు ఇక కోలుకోదు. అసలేమీ తెలియకపోతే చచ్చిపోయినట్టే.

కుర్చీలో ఉన్నది బస్సు డ్రైవరు. ఉలుకూ పలుకూ లేదు.

"నాలుగు రోజులు చంపేసింది. నిన్నట్నుంచి హాయిగా ఉంది. మా ఆవిడ పోరు పడలేక వచ్చాను," అన్నాడు.

"పోయింది నొప్పి కాదు బాబూ, పంటి ప్రాణం," అంటూ ఆయన సన్నటి కడ్డీతో పన్ను మీద తట్టాడు. డ్రైవరు సగం లేచాడు. "చీము వేరు కిందికి దిగింది. మీ ఆవిడకి దండం పెట్టుకోండి."

చీటీ రాసి పై అంతస్తుకు పంపాడు. నయం చేసేది పైవాళ్ళు. మంచిపేరూ వాళ్ళకే. ఈ కింది గదిలో పొట్టి స్టూలు మీద నడుం వంచి, ఏ పన్నో ఏ రోగమో తేల్చడమే ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన పని. రోగులకు ఆయన పేరు తెలియదు. మంచు డాక్టరంటారు.

మధ్యాహ్నం వరుస చివర ఆయన అక్క కూర్చుని ఉంది. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. పన్ను కదులుతోందని రెండుసార్లు ఫోను చేసింది. ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాడు, రెండుసార్లూ.

"నువ్వెలాగూ రావని నేనే వచ్చా. పీకి పారెయ్‌రా, పీడ విరగడవుతుంది."

మంచు పెట్టాడు. అక్క కదల్లేదు. పక్క పన్నుకు పెట్టాడు, ఆ పక్కదానికీ. పుచ్చు లేదు, పగులు లేదు, మూడూ మొద్దుబారి ఉన్నాయి. ఇన్ని మంచి పళ్ళు ఒక్కసారిగా చావవు. వాటికీ కింది పెదవికీ పోయే నరం ఒకటే. దూదిపోగుతో ఆమె కింది పెదవి మీద రాశాడు.

"తెలుస్తోందా?"

"ఏంటి తెలిసేది?"

"పెదవికి స్పర్శ ఎప్పట్నుంచి లేదక్కా?"

"ఎండాకాలం నుంచి. నొప్పి లేదుగా, చెప్పేదేముంది?"

ఎక్స్‌రేలో దవడ ఎముక చెదలు తిన్నట్టుంది. ఆయన చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు.

"నా నోరు మరీ అంత పాడుగా ఉందట్రా?" అక్క నవ్వింది.

"పీకేది కాదక్కా. పెద్దాసుపత్రికి వెళ్దాం, పద."

"నీకు పనుందిగా."

"ఇవాళ లేదు."

అక్కడ ఆలస్యమైందన్నారు. ఎంత ఆలస్యమో ఆయనకు వాళ్ళకంటే బాగా తెలుసు. ఐదో నెలలో, ఒక పొద్దున, అక్క నిద్రలోనే పోయింది.

వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక వంటగదిలో అక్క కుర్చీలో కూలబడ్డాడు. ఎదురుగా నీళ్ళ కూజాకు ఆనించి అరచేయంత అద్దం ఉంది.

"పెదవికి మెతుకు అంటినా తెలిసేది కాదు మావయ్యా," అంది మేనకోడలు. "చూసుకుంటూ తినేది. నీకు చెప్పొద్దంది."

ఆమె అద్దం తీయబోతే ఆయన వద్దన్నాడు. అది కాస్త వెనక్కి వాలి ఉంది, కుర్చీలో కూర్చున్న మనిషికి నోరు మాత్రమే కనిపించేలా.