రెండో అడ్డకట్టె

“రా... రా... ఇంక రా... జర కుడికి కొట్టు... బస్, బస్!”

గండయ్య బొలెరో వెనక తలుపును అరచేత్తో రెండుసార్లు చరిచాడు. బండి ఆగింది. బండి వెనకున్న ఇనుప గుండు, కారవాన్ అనే చక్రాల ఇంటి ముక్కుకున్న ఇనుప టోపీ కిందికి సరిగ్గా వచ్చి నిలబడింది. ఆరేళ్లుగా ఇదే పని. అయినా ప్రతిసారీ వంగి, ఒక కన్ను మూసి చూసుకోందే చెయ్యి వేయడు.

గొంతుక్కూర్చుని, కారవాన్ ముక్కు కింద ఊతంగా ఉన్న చిన్న చక్రం హ్యాండిల్ తిప్పాడు. కారవాన్ ముక్కు మెల్లగా కిందికి దిగింది. ‘టక్’మంది. ఆ చప్పుడును గండయ్య నమ్మడు. హ్యాండిల్‌ను మళ్లీ వెనక్కి తిప్పితే కారవాన్ ముక్కుతో పాటు బొలెరో వెనక భాగం కూడా కాస్త పైకి లేచింది. అప్పుడు గుండు, టోపీ ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు. తాళం పిన్ను దూర్చాడు. రెండు గొలుసులూ కింద ఒకదాని మీదుగా ఒకటి తగిలించాడు. లైట్ల ప్లగ్గు పెట్టి, “బ్రేకు తొక్కు బేటా!” అని అరిచాడు. కారవాన్ వీపున ఎర్రలైట్లు వెలిగాయి.

గండయ్యకు యాభై ఎనిమిదేళ్లు. పొట్టి మనిషి, లావుపాటి మణికట్లు. కుడి బొటనవేలికి గోరు లేదు. ట్రాక్టర్ ట్రాలీ కొక్కెం కింద ఒకసారి నలిగింది, మళ్లీ మొలవలేదు. కంపెనీ ఇచ్చిన నీలం చొక్కా వదులై, భుజాల కుట్లు మోచేతుల దగ్గరికి జారుతుంటాయి. ఈ వారం రోజులుగా ఎడమ భుజం లాగుతోంది. హ్యాండిల్ తిప్పడం వల్లేననుకుని నిన్న రాత్రి భార్య బాలనర్సమ్మ చేత జండూబామ్ రాయించుకున్నాడు. “దవాఖానకు పోదం నడువు” అని ఆమె అంటే “సోమారం పోదం తియ్యి” అన్నాడు.

చివరగా కారవాన్ చక్రాల కింద నుంచి అడ్డకట్టెలు లాగాడు. అవి కంపెనీవి కావు, ఆయన సొంతానివి. తుమ్మచెక్కను ఏటవాలుగా కోయించి, అందరి కంటికీ కనపడాలని ఎర్రరంగు పూశాడు. ఒక్కోదానికి బెజ్జం వేసి నీలం నైలాను తాడు కట్టాడు. తాడు చేతికి తొడుక్కుని, కట్టెలకంటిన మట్టిని తువ్వాలతో తుడిచి, బొలెరో వెనక సీటు కింద పెట్టాడు.

“ఒకటి. రెండు.”

“మూడోది ఏడికెల్లి వస్తది చిచ్చా?” స్టీరింగ్ దగ్గర ఆసిం నవ్వాడు. ఆసిం పిలగాడేం కాదు, పెళ్లయి ఇద్దరు పిల్లలున్నవాడు. కానీ గండయ్యను ఆటపట్టించందే రోజు మొదలవదు. “ఆరేండ్ల సంది గిదే లెక్క. ఒకటి, రెండు. సర్కారు బడిల గూడ ఇంతకన్న ఎక్కువ నేర్పుతరు.”

“నవ్వు, నవ్వు. లెక్క దప్పిన్నాడు ఏడుస్తవు.”

అంతలో ఆఫీసు గదిలోంచి మేనేజరు భాస్కర్ బయటికి వచ్చాడు. అత్వెల్లిలో హైవే పక్కనున్న ఈ జాగాలో మూడు కారవాన్లున్నాయి. పట్నంవాళ్లు అద్దెకు తీసుకుంటే చెరువు పక్కకో తోటలోకో లాక్కెళ్లి దించి రావడం పని.

“గండయ్యా, వచ్చే నెల కొత్త బండ్లొస్తున్నయ్. ఇంజనూ ఇల్లూ ఒక్కటే. ఇట్ల కట్టుడు, విప్పుడు ఏముండదు.”

“మరి నేను సార్?”

“చూద్దాంలే. గార్డెన్ పనుంటది. లేకుంటే... చూద్దాం. నువ్వేం పరేషాన్ గాకు.”

పరేషాన్ కావద్దంటే ఏమిటో గండయ్యకు అర్థం కాలేదు. పని ఉన్నట్టా, లేనట్టా? బొలెరో ఎక్కి కూర్చున్నాక ఆసింను అడిగాడు. ఆసిం కూడా “సమజ్ గాలే చిచ్చా” అన్నాడు.

అసలు కారవాన్ సంగతే ఆయనకు ఇంతవరకూ సరిగ్గా సమజ్ కాలేదు. చేరిన కొత్తలో బాలనర్సమ్మకు చెప్పాడు. లోపల మంచం ఉంటది, పొయ్యి ఉంటది, తానానికి, సందాసుకు గది గూడ ఉంటది అని. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ అంతా విని, “మరి గా ఇల్లు ఏ ఊళ్లె ఉన్నట్టు?” అనడిగింది.

మేడ్చల్ దాటి శామీర్‌పేట రోడ్డు ఎక్కారు. రాత్రి వాన కురిసి ఆగింది. అద్దంలో వెనక తెల్లటి కారవాన్ బుద్ధిగా వస్తోంది. ఒక ఎత్తు ఎక్కుతుండగా వెనక నుంచి వచ్చిన మోటారుసైకిలువాడు చెయ్యూపి ఏదో చూపించి పోయాడు. ఆసిం ఎత్తు మధ్యలోనే పక్కకు ఆపాడు. లైట్ల ప్లగ్గు ఊడి, వైరు రోడ్డు మీద ఈడ్చుకుంటూ వస్తోంది.

గండయ్య ముందు కట్టెలు తీశాడు. కారవాన్ వెనక్కి దొర్లకుండా రెండు చక్రాల వెనకా తలా ఒకటి పెట్టాడు. అప్పుడు ప్లగ్గు పని చూశాడు. అందులో మట్టి చేరింది. దాన్ని ఊది, తుడిచి, పెట్టి, మళ్లీ ఊడకుండా గుడ్డపీలికతో కట్టాడు. లేచేసరికి కళ్లముందు ఒక్క క్షణం పచ్చగా తిరిగింది. కారవాన్‌ను పట్టుకుని నిలబడ్డాడు.

వెనక తుర్కపల్లి కంపెనీ బస్సొకటి హారన్ ఆపకుండా కొడుతోంది. ఆసిం ఫోన్ మోగింది. “హా మేడం, పదే పది నిమిషాలు... చిచ్చా, జల్దీ! గాళ్లు వచ్చి కూసున్నరంట!”

గండయ్య ఎడమవైపు కట్టె లాగాడు. బస్సు మళ్లీ హారన్ కొట్టింది. ఎక్కి కూర్చున్నాడు.

చెరువు కనపడే తోటలో అమూల్య అనే ఆమె, భర్త, ఇద్దరు పిల్లలు కుర్చీలు వేసుకుని ఎదురుచూస్తున్నారు. కారవాన్ ఆగగానే పిల్లలు కేకలు వేశారు.

“అంకుల్, అస్సలు కదలకుండా పెట్టండి. పిల్లలు భయపడతారు” అంది అమూల్య.

చక్రాలున్న ఇల్లు కావాలనే తెప్పించుకుని, అది కదలొద్దంటుంది. గండయ్య “కదలది మేడం” అని సీటు కిందికి చెయ్యి పెట్టాడు.

ఒకటి.

చెయ్యి ఇంకా లోపలికి పెట్టాడు. జాకీ తగిలింది, నీళ్లసీసా తగిలింది, పాత చెప్పు తగిలింది. రెండోది తగల్లేదు.

పొద్దున రెండూ పెట్టాడు. లెక్కపెట్టాడు. ఆసిం నవ్వాడు కూడా. కాని ఆసిం నిన్నా నవ్వాడు, మొన్నా నవ్వాడు. అన్ని పొద్దులూ ఒక్కలాగే ఉంటే, ఇప్పుడు గుర్తొస్తున్నది ఈ పొద్దేనని ఎలా చెప్పడం? ఒకటి అత్వెల్లిలోనే వదిలేశాడా? లేక ఎత్తు మీద కుడివైపు కట్టె లాగలేదా? లాగినట్టు చేతికి గుర్తుంది. కాని ఏ రోజు లాగిన గుర్తో చేతికి తెలియదు.

కుడివైపు అంటే రోడ్డు వైపు.

ఒక చక్రం కింద ఉన్న కట్టె, ఇంకో దాని కింద తోటమాలి ఇచ్చిన ఇటుక పెట్టి, చిన్న చక్రం దించి, కారవాన్‌ను బొలెరో నుంచి విడదీశాడు.

“ఆసిం, వాపస్ పోవాలె. కట్టె రోడ్డు మీద ఉన్నది.”

“పాగల్ అయినవా చిచ్చా? నీళ్లు నింపాలె, కరెంటు ఇయ్యాలె, మేడంకు అంత సమజాయించాలె. గంట పడ్తది. కట్టెముక్కకు గింత పరేషానా? రేపు నాలుగు కోయిస్త నీకు.”

“కట్టె గురించి గాదు బేటా. రోడ్డు మీద ఉన్నది.”

ఆసింకు తేడా అర్థం కాలేదు. ఆ సంగతి గండయ్య ఇరవై రెండేళ్లుగా బాలనర్సమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

అప్పుడాయన ఇటుకల ట్రాలీ నడిపేవాడు. కండ్లకోయ దగ్గర టైరు పగిలితే, అందరూ చేసినట్టే, రోడ్డు పక్కనున్న రాయి తెచ్చి చక్రానికి అడ్డం పెట్టాడు. టైరు మార్చాడు. అందరూ చేసినట్టే రాయి అక్కడే వదిలేసి పోయాడు. మర్నాడు పంక్చరు షాపులో ఎవరో అన్నారు, పొద్దూకినాక గక్కడ స్కూటరోడు రాయికి తగిలి పడ్డడంట, దవాఖానకు తీస్కపోయిండ్రంట అని. ఆ రాయి తనదేనా? ఆ రోడ్డు మీద ఆగిన ప్రతి లారీ ఒక రాయి వదిలిపోయేది. గండయ్య వెళ్లి చూస్తే నెత్తురు లేదు, స్కూటరు లేదు, రాళ్లు మాత్రం ఐదారున్నాయి. ఏది తనదో పోల్చుకోలేకపోయాడు. దవాఖానలో అడిగితే ఏ స్కూటరోడు, పేరేందన్నారు. పేరు తెలియదు. వాడు బతికాడో లేదో ఇప్పటికీ తెలియదు. ఆ వారమే తుమ్మచెక్క కోయించాడు.

ఆసిం గంట ఆగమంటున్నా ఆగకుండా తోట బయటికి వచ్చి షేర్ ఆటో ఎక్కాడు. ఎత్తు దగ్గర దిగి చూస్తే అది ఆ ఎత్తు కాదు. రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ ఉంది, మైలురాయి ఉంది, పక్కన ప్లాట్ల వెంచర్ బోర్డు ఉంది, కాని బోర్డు రంగు వేరు. నడిచాడు. ఇంకో ఎత్తు వచ్చింది. అక్కడా మోరీ, మైలురాయి, బోర్డు. ఆరేళ్లుగా తిరుగుతున్న దారి ఎవరో మార్చిపెట్టినట్టుంది. ప్రతి మోటారుసైకిలు చప్పుడుకూ గుండె ఆగి, అది దాటిపోయాక మళ్లీ కొట్టుకుంటోంది. చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుంది. ఎండ మాత్రం లేదు.

మూడో ఎత్తు మీద ఒక తోపుడుబండి కనపడింది. తారాబాయి అనే ఆమె నిప్పుల మీద మొక్కజొన్న పొత్తులు, మక్కబుట్టలు, కాలుస్తూ విసనకర్ర విసురుతోంది. బండి చక్రం కింద ఎర్రగా ఏదో ఉంది. నీలం తాడు.

గండయ్య అక్కడే రోడ్డు పక్కన నిలబడిపోయి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

“బుట్ట కావాల్నా అన్నా?”

“గది... గా కట్టె నాది.”

“నీదా?” తారాబాయి విసనకర్ర ఆపింది. “పొద్దుగాల నేనొచ్చేసరికి నడిరోడ్డు మీద పడున్నది. కండ్లు నెత్తి మీదికొచ్చినయా ఏంది నీకు? ఎవడన్న బండోడు దాని మీద పడితే?”

“పడ్డరా ఎవరన్న?”

“నేనే తీసిన గద. ఎవరు పడ్తరు?”

“ఎవరు పడలే. నిజంగ?”

“అరె, ఎన్నిసార్లు చెప్పాలె? ఎవరు పడలే. నీకేమైంది, గట్ల చెమట పట్టింది?”

గండయ్యకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఏది ముందొచ్చిందో తెలియలేదు.

“మొదటోడు గూడ పడకపోతే మంచిగుండె” అన్నాడు.

“మొదటోడు ఎవరు?”

“తెల్వది.”

తారాబాయి వింతగా చూసింది. “తీస్కపో నీ కట్టె. కని బండి కిందికి ఉరుకుతది. ఒక రాయి తెచ్చి పెట్టి తీస్కపో.”

గండయ్య మోరీ పక్కన వెతికి తలకాయంత రాయి తెచ్చాడు. చక్రం దగ్గర వంగాడు. కట్టెను లాగబోయి ఆగాడు. చేతిలో రాయిని చూశాడు. పొద్దూకితే ఈమె బండి తోసుకుని ఇంటికి పోతుంది. రాయిని ఎవరు మోసుకుపోతారు?

లేచి, రాయిని రోడ్డుకు దూరంగా, తంగేడు పొదల అవతలికి విసిరాడు. విసిరిన ఊపుకు భుజం నుంచి వేళ్ల దాకా మంట పాకింది.

“ఏందన్నా, పారేస్తివి?”

“కట్టె నువ్వే ఉంచుకో. కని పోయేటప్పుడు ఈడ ఇడువకు. బండి మీద ఏస్కపో. మర్సిపోవు గద?”

“ఏస్కపోత తియ్యి. కూసో జర. ఒక బుట్ట తిను, పైసలొద్దు.”

మోరీ గోడ మీద కూర్చున్నాడు. తారాబాయి నిమ్మచెక్కతో ఉప్పూకారం రుద్ది బుట్ట ఇచ్చింది. గండయ్య రెండు వరసలు తిన్నాడు. ముందు చెరువు వైపు మబ్బులు దిగుతున్నాయి. వచ్చే నెల సంగతి గుర్తొచ్చింది. పని ఉన్నట్టా, లేనట్టా? బాలనర్సమ్మకు ఏం చెప్పాలి? సోమవారం అంటే రేపా, ఎల్లుండా? ఒక్కటి మాత్రం తెలుసు. ఇయ్యాల ఎవరూ పడలేదు. ఆ ఒక్కదాన్నే పట్టుకుని గోడ చివరి దిమ్మెకు వీపు ఆనించి కళ్లు మూసుకున్నాడు.

కారు ఆగితే తారాబాయి నాలుగు బుట్టలు కాల్చి ఇచ్చింది. ఇంకో కారు వచ్చింది. ముసలాయన అలిసిపోయి పడుకున్నాడనుకుని, రేడియో పాట చప్పుడు తగ్గించింది.

గంట తర్వాత ఖాళీ బొలెరో వచ్చి ఆగింది. “చిచ్చా! దొరికిందా నీ బంగారుకట్టె?” అని కిటికీలోంచి అరిచాడు ఆసిం. దిగివచ్చి భుజం కదిపితే ఒళ్లు చల్లగా తగిలింది. గండయ్య చేతిలోంచి మక్కబుట్ట జారి ఆసిం చెప్పుల మీద పడింది.

ఆసిం “చిచ్చా” అన్నాడు. మళ్లీ “చిచ్చా” అన్నాడు. తర్వాత నేల మీద కూలబడి, “గంట ఆగమంటి గద, గంటే గద ఆగమన్న” అని ఆ మాటే అంటూ కూర్చున్నాడు. అత్వెల్లికి ఫోన్ చేసి బాలనర్సమ్మకు ఏమని చెప్పాలో తెలియక రెండుసార్లు నంబరు నొక్కి రెండుసార్లూ కట్ చేశాడు. ఆగిన ఇద్దరు మోటారుసైకిలువాళ్లు, తారాబాయి, ఆసిం కలిసి గండయ్యను బొలెరో వెనక సీటు మీద పడుకోబెట్టారు. బండి మెల్లగా, వెనక ఏదో కట్టి ఉన్నట్టే మెల్లగా, మేడ్చల్ వైపు పోయింది.

పొద్దూకింది. తారాబాయి నిప్పుల మీద నీళ్లు చల్లి, బస్తా మడిచి, బండిని పక్కకు మళ్లించి తోసింది. పది అడుగులు పోయాక ఆగింది. ఒక చేత్తో బండిని ఆనుకుని వెనక్కి చూసింది. తర్వాత బండిని మోరీ గోడకు ఆనించి, వెనక్కి నడిచి, వంగి కట్టె తీసింది. తువ్వాల లేక కొంగుతోనే మట్టి తుడిచింది. తాడు లోపల, మణికట్టు తొడిగే చోట, నీలం వెలిసిపోయి తెల్లబడి ఉంది. బండి కర్రకు దాన్ని తగిలించి తోసుకుంటూ పోయింది. ఎత్తు దిగేదాకా ఆ ఎర్రకట్టె బండికి తగులుతూ, ఊగుతూ, మళ్లీ తగులుతూ ఉంది.