సగం బానెట్టు

అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకోక రెండేళ్ళ నాలుగు నెలలయింది. ఈ లెక్క చెల్లెలికి తెలుసు. అన్నకి ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే కనబడ్డ ప్రతి బంధువుతోనూ "అది నా గడప తొక్కదు, తొక్కినా నేను రానివ్వను" అని చెప్పుకు తిరిగింది ఆయనే. ఆ గడపే ఆమె శనివారం పొద్దున పదింటికి తొక్కింది. ప్రేమ పొంగుకొచ్చి కాదు. సోమవారానికి ఆమెకి కారు పాలిష్ చేసే మిషను కావాలి. ఊళ్ళో ఆ మిషను అమ్మేది అన్న కొట్టు ఒక్కటే. బయటినుంచి తెప్పించుకుందామంటే పది రోజులు పడుతుందన్నారు.

సోమవారం పళ్ళ డాక్టరు కారు వస్తుంది. అది ఆమెకి మొదటి సొంత పని. తొమ్మిదేళ్ళు షోరూములో కార్లు కడిగింది. భోజనాల వేళ పాలిష్ మేస్త్రి తన మిషను చేతికిస్తే, అన్నం మానుకుని ఆ అరగంటా పని నేర్చుకుంది. పోయిన నెల ఉద్యోగం వదిలేసింది. ఈ కారు బాగా చేస్తే డాక్టరు ఉన్న బిల్డింగులోనే ఇంకో ఆరుగురు డాక్టర్లున్నారు. పాడు చేస్తే మళ్ళీ షోరూముకెళ్ళి బకెట్టు అడుక్కోవాలి. అంతకన్నా ఘోరం, మునుపటిలాగా సాయంత్రాలూ ఆదివారాలూ అన్న కొట్లో జీతం లేని గుమాస్తాగా కూచోవాలి. అలా కూచోనన్నందుకే కదా ఈ పగంతా.

అన్న తలెత్తి చూశాడు. "ఎవరు కావాలి?" అన్నాడు.

"పాలిషరు కావాలి. దానికి కావలసిన సామాను కూడా."

గల్లాపెట్టె దగ్గరున్న వదిన నవ్వుతూ లేవబోయి, మొగుడి మొహం చూసి మళ్ళీ కూలబడింది. వైపర్లకోసం వచ్చిన టాక్సీ ఓనరు ఒకాయన గోడవారగా నిలబడి ఉన్నాడు. ఇక్కడేదో జరగబోతోందని ఆయనకి వాసన తగిలినట్టుంది, తన వైపర్ల సంగతి ఎత్తడం మానేశాడు.

అన్న లోపలికెళ్ళి ఒక పెద్ద మిషను తెచ్చి బల్లమీద దబ్బుమని పెట్టాడు. దాని పక్కన ఉన్ని ప్యాడు, కొట్లో ఉన్నవాటిలోకెల్లా గరుకు కాంపౌండు డబ్బా, రంగుమీది గీతల్ని అరగదీసే ముద్ద. "అందరూ ఇదే పట్టుకెళ్తారు."

ఆ మిషను ఒకే దిక్కున గిరగిరా తిరిగేది. చెయ్యి తిరిగినవాడి దగ్గర బంగారంలాంటి పని చేస్తుంది. కొత్త చేతిలో ఒక్క క్షణం బానెట్టు అంచుమీద ఆగిందా, వేడికి రంగు లేచిపోయి అడుగు పూత బయటపడుతుంది. పోయిన రంగు రుద్దితే రాదు. ఇరవయ్యేళ్ళుగా అమ్ముతున్న అన్నకి ఇది తెలుసు. చెల్లెలికీ తెలుసని కూడా తెలుసు. కాబట్టి ఇందులో మోసమేమీ లేదు, ఉన్నదంతా కసి.

"దీంతో సోమవారం రంగు లేచిపోతే?" అందామె.

"లేచిపోతే డాక్టరుగారు నీ పళ్ళు రాలగొడతాడు." తన జోకుకి తనే నవ్వుకున్నాడు.

డాక్టరు సంగతి ఆమె ఎత్తనేలేదు. అంటే ఆరాలు తీస్తూనే ఉన్నాడన్నమాట, రెండేళ్ళుగా మొహం చూడని మహానుభావుడు. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆ పై అరలో చిన్నది ఉంది చూడు, తిరుగుతూ ఊగేది, రంగు కాల్చనిది. అది దింపు. మెత్త ప్యాడ్లు రెండు రకాలు, సన్న కాంపౌండు, టేపు, స్పిరిట్టు, మంచి తువ్వాళ్ళు ఆరు."

"అదా? అది బొమ్మ. పొద్దస్తమానం రుద్దినా ఒక్క గీత పోదు."

"పోతుంది."

"ఇరవయ్యేళ్ళుగా అమ్ముతున్నాను, నాకు చెబుతున్నావా?"

"అమ్మావు అన్నయ్యా, కాదన్నానా? ఒక్కసారైనా పట్టుకున్నావా?"

టాక్సీ ఓనరు కిసుక్కున నవ్వి, దగ్గుగా మార్చుకున్నాడు. ఆ నవ్వే కొంప ముంచింది. అన్న చిన్న మిషనూ అడిగిన సామానూ దింపి, వైరు విసురుగా విప్పాడు. "బయట నా కారుంది. దానిమీద చేసి ఏడు. చూస్తాను."

ఆ నల్ల కారంటే అన్నకి ప్రాణం. వదినని కూడా చెప్పులు దులుపుకోనిదే ఎక్కనివ్వడు. ఎండలో చూస్తేగానీ దాని అసలు మొహం తెలియదు. బానెట్టు నిండా సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు. రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో దుమ్ముని రుద్ది రుద్ది ఆయన స్వహస్తాలతో గీసుకున్నవే.

ఆమె బానెట్టు కడిగి, తడి ఆరనిచ్చి, నడిమధ్య పైనుంచి కిందికి టేపు అంటించింది. అంచులకీ టేపు వేసింది. ప్యాడుమీద నాలుగు చుక్కల కాంపౌండు వేసి, ముందు నెమ్మదిగా పూసి, తర్వాత వేగం పెంచి ఎడమ సగం మీద మొదలుపెట్టింది. మిషను బరువు తప్ప తన బరువు వెయ్యలేదు. చెయ్యి నత్తలా కదులుతోంది.

"ఏం, జో కొడుతున్నావా దాన్ని?" అన్నాడు అన్న.

ఆమె పక్క వరస మొదలుపెట్టింది.

"షోరూములో ఊరికే తరిమెయ్యలేదు నిన్ను."

"నేనే మానేశాను," అంది తల తిప్పకుండా. మాట పడి ఊరుకునే మనిషి కాదుగానీ, ఇప్పుడు తల తిప్పితే చెయ్యి తప్పుతుంది. ప్యాడు మార్చింది. రెండోసారి ఇంకా మెత్తటి ప్యాడుతో, అంతే నిదానంగా. ముప్పావుగంట పట్టింది. అన్న అంతసేపూ ఎండలోనే నిలబడి, తెలిసిన వంకలన్నీ పెట్టి, అయిపోయాక పెట్టినవే మళ్ళీ పెట్టాడు.

టేపు పీకింది.

ఎడమ సగం నల్లగా, లోతుగా ఉంది. పైనున్న కరెంటు తీగలు తెగకుండా కనబడుతున్నాయి అందులో. కుడి సగం బూడిద పూసినట్టుంది. పక్కన మంచిది లేనంతకాలం అదీ బాగానే ఉందనిపించింది, ఇప్పుడు చూడలేకుండా ఉంది.

"ఓరి నాయనో!" అన్నాడు టాక్సీ ఓనరు.

"నూనె మెరుపు," అన్నాడు అన్న. "కాంపౌండులో నూనె ఉంటుంది, గీతల్లోకి దిగి కప్పేస్తుంది. రేపటికి అన్నీ తేల్తాయి."

ఆమె స్పిరిట్టు చల్లి, కొత్త తువ్వాలుతో రెండుసార్లు తుడిచింది. నూనె ఉంటే పోవాలి, గీతలుంటే తేలాలి. తేలలేదు.

అన్న వంగి చూశాడు. అటునుంచి చూశాడు, ఇటునుంచి చూశాడు. ఆమె తువ్వాలు మడుస్తూ ఆయన నోటివంకే చూసింది. ఆమెకి సిగ్గేసింది కూడా, ఎందుకంటే మిషను కోసమే వచ్చానని తనకి తాను చెప్పుకుందిగానీ, ఆ నోటివెంట "బాగుంది" అన్న ముక్క ఒక్కటి వినాలని ఉంది. చిన్నప్పట్నుంచీ ఉంది.

"ఏడిసినట్టుంది," అన్నాడు అన్న. "ఆ మిగతా సగం కూడా చేసి తగలడు."

"చెయ్యను."

"ఏంటీ?"

"చూస్తానన్నావు, చూశావు. మిషను ప్యాక్ చేయించు. మిగతా సగం కావాలంటే నోరు తెరిచి పిలువు, వస్తాను."

"నేనా? నిన్నా? పిలవడమా?" అన్న గొంతు వీధి చివరిదాకా వెళ్ళింది. "నీకు అమ్మను పో! కొట్టు నాది, మిషను నాది, కారు నాది!"

అని ఊరుకున్నాడా? కారు తలుపు లాగి, కాళ్ళ కింద పరిచే పట్టా బయటికి పీకాడు. ఆయన చెప్పుల ఇసకా మట్టీ దానికి కరుచుకుని ఉన్నాయి. దాన్ని రెండు చేతులా పట్టుకుని మెరిసే సగం మీద రుద్దడం మొదలుపెట్టాడు.

"అయ్యా, అయ్యా! మీ కారండీ అది!" అని టాక్సీ ఓనరు అడ్డం పోయాడు.

"నాదే! నా ఇష్టం!"

కరకరమని చప్పుడు. ఆ చప్పుడు ఆమె వంటిమీదే అయినట్టనిపించింది. ముప్పావుగంట పని ఆరు రుద్దుళ్ళకి పోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఏడుపువల్ల కాదు, ఒళ్ళు మండి. ఆ పట్టా లాక్కుని నెత్తిన వెయ్యాలనిపించింది. అప్పుడు అన్న మొహం చూసింది. చెమటలు కక్కుతున్నాడు, పళ్ళు బిగించాడు. ప్రాణంలా చూసుకునే కారు. పని బాగాలేకపోతే మనిషి నవ్వి పోతాడుగానీ ఇంత కష్టపడడు. బాగుందనడానికి అన్న దగ్గరున్న పద్ధతి ఇదే కాబోలు. ఇంతకన్నా ఆ మనిషి నుంచి రాదు, వచ్చేదాకా నిలబడి ఉండక్కర్లేదు.

వదిన కొట్లోంచి దిగి వచ్చింది. వైరు పీకి, చుట్ట చుట్టి, చిన్న మిషనుని అట్టపెట్టెలో పెట్టింది. ప్యాడ్లూ సన్న కాంపౌండూ తువ్వాళ్ళూ అప్పటికే సర్ది ఉన్నాయి. ఆడబిడ్డ ఇచ్చిన నోట్లు అక్కడే నిలబడి లెక్కపెట్టుకుని, బిల్లు చేతిలో పెట్టింది.

"నేను అమ్మనన్నానా లేదా!" అని అరిచాడు అన్న, చెయ్యి ఆపకుండానే.

"నేను అమ్మాను," అంది వదిన. "మీరు కారు తుడుచుకోండి."

చెల్లెలు పెట్టె చంకనెత్తుకుని నడిచింది. వెనక ఇంకా రుద్దుతూనే ఉన్నాడు. టేపు లేదు, మెరుపూ పోయింది కాబట్టి ఏ సగం ఎక్కడిదాకానో ఆయనకి అంతుపట్టడం లేదు. మొత్తం బానెట్టంతా రుద్దుతున్నాడు.